పచ్చతోడు

నక్కలగుట్టపల్లిలో మనుషులు గడ్డి తినడం మొదలుపెట్టిన నాడు అందరికంటే ముందు నవ్వింది తిప్పక్క. నవ్వీ నవ్వీ కళ్ళ వెంట నీళ్ళు కారితే కొంగుతో తుడుచుకుని, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ మొదలుపెట్టింది.

"ఏమ్మే సుంకమ్మా! నీ మొగుడు బతికున్నన్నాళ్ళూ 'అన్నం తింటాండావా, గడ్డి తింటాండావా' అని తిడుతుండె గదా. ఆ మహానుబావుడు ఇప్పుడుంటే ఏమని తిట్టునో!"

సుంకమ్మ జవాబు చెప్పే స్థితిలో లేదు. ఆమె నోట్లో ముద్ద ఉంది. గరికా, లేత వేరుశనగ ఆకూ కలిపి, ఉప్పూ పచ్చిమిరపకాయలూ వేసి రోట్లో మెత్తగా నూరిన ముద్ద. నాలుకకు ముందు కారం తగిలింది, దాని వెనక పసరు తగిలింది, ఆ వెనక చిన్నతనంలో ఆకలికి తాళలేక చేని గట్టు మీద పీక్కుని నమిలిన చిగుళ్ళ జ్ఞాపకం తగిలింది. కళ్ళు మూసుకుని మింగింది. చెంబులోని మజ్జిగ గటగటా తాగి, మూతి తుడుచుకుంది.

"కారెం చాల్లేదు," అంది.

షెడ్డంతా ఘొల్లుమంది.

ఆ షెడ్డు పట్టుపురుగుల కోసం కట్టింది. ఒకప్పుడు ఊరిని పట్టుతో బాగు చేస్తామని వచ్చారు. మల్బరీ నాటారు. వాన రాలేదు, మల్బరీ ఎండింది, పురుగులు చచ్చాయి, షెడ్డు మిగిలింది. ఆ ఊరికి వచ్చిన పథకాలన్నింటి కథా అంతే. పొగరాని పొయ్యిలు కోళ్ళు గుడ్లు పెట్టుకోవడానికి పనికొచ్చాయి. కుట్టుమిషన్లకు దారం ఎవరూ పంపలేదు. మంచి చేస్తామని వచ్చినవాళ్ళు మంచివాళ్ళే. వాళ్ళు వెళ్ళిపోయాక ఊళ్ళో ఒక గోడ మిగిలేది, దాని మీద వాళ్ళ పేరు మిగిలేది.

డాక్టర్ నీరజ మాత్రం వేరే రకం మనిషి. పట్నంలోని పరిశోధనాలయం నుంచి బోన్లలో తెల్ల ఎలుకలను తెచ్చుకుని, ఆ షెడ్డులోనే మంచం వేసుకుంది. ఊడ్చడానికీ, ఎలుకలకు మేత వేయడానికీ, పెరుగు తోడు వేయడానికీ సుంకమ్మను పెట్టుకుంది. ఉపన్యాసాలు ఆమెకు చేతకావు. మొదటి రోజున ఊరందరి ముందూ రెండు గాజుగ్లాసుల్లో ఒకే గడ్డి తుంచి వేసి, ఒక దాంట్లో ఊళ్ళో పెరుగూ, రెండో దాంట్లో తను తెచ్చిన పెరుగూ పోసి, ఎండలో గోడ మీద పెట్టి పని చూసుకోమంది. పొద్దు వాలేటప్పటికి మొదటి గ్లాసులో గడ్డి గడ్డిగానే తేలుతోంది. రెండో దాంట్లో గడ్డి లేదు. చిక్కటి గంజి ఉంది. సుంకమ్మ వేలు ముంచి నాకింది. తియ్యగా ఉంది.

"ఆవు కడుపులో జరిగేది ఇదేనమ్మా," అంది నీరజ. "గడ్డిని కరిగించే సూక్ష్మజీవులు దాని కడుపులో ఉంటాయి. ఆ జాతిని మనిషి కడుపులో ఉండేటట్టు మచ్చిక చేశాను. ఒకసారి చేరితే ఇక పోవు."

"పోవా?" అంది సుంకమ్మ.

"పోవు."

ఆ మాట వినగానే సుంకమ్మకు వీపు మీద చల్లటి చెయ్యి వేసినట్టయింది. కానీ ఎదురుగా కరువు ఉంది. కడుపులోకి ఏదో చేరుతుందన్న భయం కంటే, కడుపులోకి ఏమీ చేరదన్న భయం పెద్దది.

నీరజ కట్టడి చెప్పింది. కడుపుతో ఉన్నవాళ్ళూ, పాలు తాగే పసివాళ్ళూ దీన్ని ముట్టకూడదు. ఇది మందులాంటిది, ఈ పెరుగు ఊరు దాటకూడదు. ఆడవాళ్ళందరూ తల ఊపారు. పెరుగులో లేత పచ్చ ఛాయ ఉండేది కాబట్టి ఊళ్ళో దానికి పచ్చతోడు అని పేరు పడింది.

ఆ ఏడు వాన మొహం చాటేసినా నక్కలగుట్టపల్లిలో పొయ్యి మీద ఎసరు లేదని ఎవరూ ఏడవలేదు. బడిలో ప్రార్థన జరిగేటప్పుడు పిల్లలు కళ్ళు తిరిగి పడటం ఆగింది. వలస వెళ్ళే బస్సు ఊరి ముందు ఆగి, ఎవరూ ఎక్కక, హారను కొట్టి వెళ్ళిపోయింది. మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని, ఏ గట్టు గరికకు రుచి ఎక్కువో వాదించుకున్నారు. బడిలో అయ్యవారికి పిల్లలను తిట్టడానికి ఒక తిట్టు తక్కువైంది.

అయినా కొన్ని సంగతులు సుంకమ్మకు మింగుడు పడలేదు. మనుషుల ఊపిరికి పశువుల కొట్టం వాసన వచ్చింది, తియ్యగా, తడి గడ్డిలాగా. తిప్పక్క బర్రె పాలు పిండబోతే దగ్గరికి రానివ్వడం లేదు. గడ్డివాము మీది ఎండు వేరుశనగ కట్టెను మనిషి తీసుకుంటుంటే అది తల తిప్పి చూసేది. అరిచేది కాదు, చూసేది. తన మేతకు ఇంకో గొడ్డు వచ్చిందని గొడ్డుకు తెలిసిపోయింది కాబోలు. వాములు తరిగాయి. ఎండాకాలం రాకముందే, పాలిచ్చే ఒకటి రెండు తప్ప బర్రెలన్నీ సంతకు తోలుకుపోయారు.

ఆ మధ్యనే తిప్పక్క చెల్లెలి ఊళ్ళో పెళ్ళికి వెళ్ళింది. ఇష్టంగా తెల్లన్నం, పప్పు, పాయసం తిని, గడ్డి ముట్టకుండా అక్కడే ఉండిపోయింది. తిరిగొచ్చేటప్పుడు ఆమెను ఎడ్లబండిలో పడుకోబెట్టి తెచ్చారు. రెండు చేతులతో పొట్ట పట్టుకుని ముడుచుకుపోయి ఉంది.

"లోపల ఎవురో గోళ్ళతో గీకుతాండారే సుంకీ," అని ఏడ్చింది. పచ్చిగరిక నూరి నోట్లో పెట్టాక గానీ నెమ్మదించలేదు. నవ్వడానికి పుట్టిన మనిషి అలా ఏడిస్తే చూడటం కష్టం.

నీరజను పంపిన పథకానికి పెద్ద చక్రపాణి అప్పుడప్పుడు జీపులో వచ్చేవాడు. చెడ్డవాడని చెప్పడానికి లేదు. పిల్లల చేతులు పట్టుకుని చూసి, బుగ్గలు నొక్కి, కళ్ళు చెమర్చుకునేవాడు. "నా తమ్ముడు ఆకలితో పోయాడమ్మా, ఇట్లాంటి కరువులోనే," అని సుంకమ్మతో ఒకసారి అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. ఊరి మొదట్లో 'ఆకలి లేని మొదటి ఊరు' అని ఎర్రక్షరాలతో బోర్డు పాతించాడు.

బోర్డు పాతిన తర్వాత చౌకబియ్యం బండి రావడం ఆగిపోయింది.

"మీ ఊర్లో ఆకలి ల్యాదని పైనుంచి చెప్పినారంట," అన్నాడు చౌకడిపో అతను. "ఆకలి ల్యానోళ్ళకు బియ్యం ఎట్లిస్తారు? నన్నంటే నేనేం చేయల్ల?"

"ఆకలి ల్యాకపోతే నాలిక గూడా ల్యాదా మాకు?" అంది తిప్పక్క. "సచ్చేలోపల ఒక్క బువ్వ ముద్దన్నా తినగూడదా?"

"అడగాల్సినోళ్ళను అడుగు పో."

ఇలాంటి రోజుల్లో సుంకమ్మ కూతురు ఈశ్వరి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. కొండకు అవతల ఉన్న ఊరు ఆమె అత్తగారిది. కడుపు ముందుకు, కళ్ళు లోపలికి. తల్లిని చూడగానే అడిగిన మొదటి మాట, "చింతచిగురు ఉండాదా అమ్మా? మునగాకు? ఏదో ఒక ఆకు పెట్టు. నోరంతా అదే అడుగుతాండాది."

"కడుపుతో ఉన్నోళ్ళకు అట్లే అనిపిస్తాదిలే," అని సుంకమ్మ పక్కింటి పిల్లాణ్ణి చెట్టెక్కించి చిగురు కోయించింది. ఆకుకూరా పప్పూ వండి, తను తినకుండా, కాస్త ఎడంగా కూర్చుని కూతురికి వడ్డించింది. పక్క ఊరి బంధువుల నుంచి ఈశ్వరి కోసమని బియ్యం తెచ్చింది. వేరే కుండ, వేరే గంటె, వేరే చెంబు. తన పెరుగు కుండను ఇంట్లోనుంచే తీసేసి షెడ్డులో పెట్టింది. అంత జాగ్రత్త ఎందుకో ఆమెకు నీరజ చూపించింది కాబట్టి.

చూపించింది ఇలా. ఈశ్వరి వచ్చిన మర్నాడు సుంకమ్మ ఎలుకలకు మేత వేయడానికి వెళితే, నీరజ మూల బోను దగ్గర నేల మీద కూలబడి ఉంది. తల పైకెత్తలేదు.

"ఇట్లా రా, సుంకమ్మా."

బోనులో తల్లి ఎలుక నున్నగా, బలంగా ఉంది. గడ్డి కొరుకుతోంది. దాని చుట్టూ పిల్లలు. బొద్దుగా ఉండాల్సిన పిల్లలు చర్మం సంచుల్లా జారిపోయి ఉన్నాయి. కొన్ని పాలు తాగుతూనే ఉన్నాయి. తాగుతూ తాగుతూనే ఒకటి ఆగిపోయింది. మళ్ళీ కదల్లేదు.

"తల్లి నుంచి వాటికి చేరింది," అంది నీరజ. "పసికడుపులో గడ్డి లేదు కదా. లోపలికి వెళ్ళిన జీవికి మేత దొరకలేదు. మేత దొరక్కపోతే అది కడుపు లోపలి మెత్తటి పొరను తింటుంది."

సుంకమ్మ తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. తిప్పక్క చెప్పిన గోళ్ళు ఎవరివో ఇప్పుడు తెలిసింది.

"అయితే మాకు?"

"గడ్డి తింటున్నంత కాలం మీకేం కాదు."

"గడ్డి గూడా ఎండిపోతే మేడం?"

నీరజ చచ్చిన పిల్లను కాగితంలో చుడుతోంది. చుట్టినదాన్నే విప్పి, మళ్ళీ మొదటి నుంచి చుట్టింది.

ఈశ్వరికి ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత పిల్ల, నల్లగా నిగనిగలాడే జుట్టు. మనవరాలు పుడితే అవ్వ చేసే పనులు ఎన్ని ఉంటాయి! కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాయాలి, నీళ్ళు పోయాలి, ముక్కు సాగదీయాలి, నుదురు మీద ముద్దుపెట్టి దిష్టి తీయాలి. సుంకమ్మ ఒక్కటీ చేయలేదు. పొరుగింటి మనిషిలా గడప అవతల కూర్చుని, ఇలా పట్టుకో, అలా పట్టుకో అని కూతురికి చెబుతూ, నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. తను తాగింది పిల్లకు సోకుతుందేమో, తన ఊపిరి సోకుతుందేమో అని గాలి ఎటు వీస్తోందో చూసుకుని కూర్చునేది.

"ఒక్కసారి ఎత్తుకోమ్మా," అనేది ఈశ్వరి. "నాకు చేతులు నొప్పి పుడుతాండాయి."

"నొప్పి పుట్టనీలే. నా చేతుల్లోకొస్తే దానికే కష్టం."

పిల్ల పాలు తాగుతోంది. తాగుతూనే ఉంది. ఎంత తాగినా ఏడుస్తోంది. బుగ్గలు రావాల్సిన పిల్లకు దవడ ఎముక కనిపించింది. ఈశ్వరికి పాలు చాలడం లేదేమోనని అందరూ అన్నారు. సుంకమ్మా అదే అనుకోవాలని చాలా ప్రయత్నించింది.

ఒక సాయంత్రం పిల్ల ఆవులించింది. గాలి గడప వైపు తిరిగింది.

తియ్యటి వాసన. తడి గడ్డి వాసన.

సుంకమ్మ లేచి నిలబడింది.

"ఈసూ, నా కుండలో పెరుగు తాగినావా? నిజం చెప్పు. కొట్టను."

"నీ ఇంట్లో ఒక్క చుక్క తాగలేదమ్మా! ఒట్టు. ఎందుకట్లా చూస్తాండావు?"

"మీ అత్తగారింట్లో పెరుగుకు తోడు ఎవురిచ్చిరి?"

ఈశ్వరికి అర్థం కాలేదు. "ఎవురో ఇస్తారు గదా. తిప్పక్క చెల్లెలు మా వీధే. పెళ్ళప్పుడు తిప్పక్క మంచి గడ్డపెరుగు తోడు తెచ్చిందని, ఆమె దగ్గరే మా అత్త తీసుకునె. కొంచెం పచ్చగా ఉంటుందిలే గానీ, కమ్మగా ఉంటాది."

చింతచిగురు. మునగాకు. నోరంతా ఆకు అడగడం. చూలాలి ఆశని తను తోసేసిన ఆ కోరిక కడుపులోని పిల్లది కాదని సుంకమ్మకు అప్పుడు తెలిసింది. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా షెడ్డుకు పరుగెత్తింది.

నీరజ వచ్చింది. ఊరి ఆడవాళ్ళను షెడ్డు దగ్గరకు పిలిపించింది. తోడు ఎవరు ఊరు దాటించారని అడిగింది. గద్దించి అడగలేదు, బతిమాలి అడిగింది.

"నేనిస్తిని," అంది తిప్పక్క. "చెల్లెలింటికి."

"నేను మా ఆడబిడ్డకిస్తిని," అంది ఇంకో ఆమె.

"నన్ను సంతలో ఒగామె అడిగె. గిన్నె పట్టుకుని వచ్చినామెను ఉత్త చేతులతో పంపుతామా?"

"మేమూ ఇస్తిమి."

"ఎందుకిచ్చారమ్మా?" అంది నీరజ. "చెప్పాను కదా, ఊరు దాటకూడదని. తల ఊపారు కదా!"

"పెరుగు దాటకూడదంటివి, మందు దాటకూడదంటివి, సరే," అంది తిప్పక్క. ఆమె గొంతులో నవ్వు లేదు. "తోడడిగితే ల్యాదనేదెట్ల మేడం? తోడు ల్యాదన్న ఇంట్లో పాడి నిలవదు. మా అవ్వ చెప్పె, వాళ్ళవ్వ చెప్పె. పగోళ్ళకైనా ఇస్తాము. అది ఇచ్చినట్లు గూడా కాదు మాకు. గాలి పీల్చినట్లే."

పట్నంలో పెరుగు ప్యాకెట్లలో కొనుక్కునే నీరజకు ఆ సంగతి తట్టలేదు. ఏళ్ళ తరబడి సూక్ష్మజీవుల గుణాలన్నీ చదివింది గానీ, పెరుగు కుండ పట్టుకుని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్ళే ఆడమనిషి గుణం ఎక్కడా రాసి లేదు. ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుని, రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

ఇక సుంకమ్మకు మనవరాలిని ఎత్తుకోవడానికి అడ్డేమీ లేదు. అంటరాదన్న భయం తీరింది, తీరరాని విధంగా తీరింది. పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. నూనె రాసింది. నీళ్ళు పోసింది. నుదురు మీద ముద్దు పెట్టింది. అన్ని రోజుల ఆశా తీర్చుకుంటూ, కాళ్ళ మీద పిల్ల బరువు తగ్గిపోవడం తెలుసుకుంటూ ఉంది. లేతగరిక పసరు ఉగ్గుగిన్నెలో పిండి నాలుక మీద వేస్తే కాసేపు ఏడుపు ఆగేది. కక్కేసేది. మళ్ళీ ఏడుపు.

"పసరు కొన్ని రోజులే ఆపుతుంది," అంది నీరజ. "నా దగ్గర విరుగుడు ఉంది. ఆ జీవిని చంపే మందు. ఎలుకలకు పనిచేసింది. తల్లికీ బిడ్డకీ కలిపి ఇవ్వాలి, లేకపోతే మళ్ళీ సోకుతుంది. వాళ్ళిద్దరికీ మాత్రమే సరిపోతుంది. మళ్ళీ తయారుకావడానికి నెలలు పడుతుంది."

"అయితే ఇయ్యి మేడం! ఇంకేం?"

"మనిషికి ఇవ్వాలంటే చక్రపాణిగారి అనుమతి కావాలి. అడిగాను."

"ఏమనె?"

నీరజ తల అడ్డంగా ఊపింది. సుంకమ్మ తనే వెళ్ళింది. చక్రపాణి ఆ రోజు షామియానా వేయించే పనిలో ఉన్నాడు. వేరే జిల్లాల నుంచి మహిళా సంఘాల వాళ్ళు బస్సుల్లో రాబోతున్నారు. పచ్చతోడు తీసుకుపోయి తమ ఊళ్ళలో మొదలుపెడతారు. సుంకమ్మను చూసి అతను కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"విన్నానమ్మా," అన్నాడు. "నా మనసు నీకు తెలుసు. ఇప్పుడు మందు ఇచ్చామంటే, పథకంలో దోషం ఉందని మనమే ఒప్పుకున్నట్టు. ఎక్కడికక్కడ ఆగిపోతుంది. ఈ ఎండాకాలం తిండి లేక పోయే పసివాళ్ళు ఎంతమందో నువ్వు ఊహించలేవు. వాళ్ళను నిలబెడుతుందిది. దోషం తర్వాత సరిచేసుకుందాం. ఆ బస్సులు వచ్చి వెళ్ళనీ."

"అప్పటిదాకా మా పాప ఉండదు సార్."

"ఉంటుందమ్మా," అన్నాడు. నమ్మి అన్నాడో, నమ్మాలని అన్నాడో.

బస్సులు వచ్చిన రోజు ఎండ నిప్పులు చెరిగింది. షామియానా కింద ఎక్కడెక్కడి ఆడవాళ్ళో కూర్చున్నారు. చేతుల్లో స్టీలు డబ్బాలు, మూతలు తీసి సిద్ధంగా పెట్టుకున్నారు. వాళ్ళ చెంపలు చూస్తేనే తెలుస్తోంది ఎలాంటి ఊళ్ళ నుంచి వచ్చారో. చక్రపాణి మైకు ముందు నిలబడి మాట్లాడాడు. బాగా మాట్లాడాడు. ఆకలి గురించి మాట్లాడుతుంటే ముందు వరసలో ఒకామె ఏడ్చింది. కెమెరాలు తిరిగాయి.

అప్పుడు సుంకమ్మ వచ్చింది. చంకలో మనవరాలు, చేతిలో నిండుగా మజ్జిగ గ్లాసు. జనం దారి ఇచ్చారు.

"ఎండన పడి వస్తిరి సార్," అంది. "మా ఊర్లో వచ్చినోళ్ళకు మజ్జిగియ్యకుండా పంపము. తాగండి."

చక్రపాణి నవ్వుతూ గ్లాసు అందుకున్నాడు. కెమెరాల వైపు తిరిగాడు. గ్లాసు పెదవుల దాకా లేచింది. అక్కడ ఆగింది.

"తర్వాత తాగుతానమ్మా."

"ఉప్పేసి, కొత్తిమీర తుంచినాను సార్. చల్లంగుంటాది."

షామియానా గుడ్డ గాలికి టపటపా కొట్టుకుంటోంది. అతని నుదుటి మీద చెమట చుక్క జారి మజ్జిగలో పడింది. లేత పచ్చటి మజ్జిగ.

"నాకు... పెరుగు పడదమ్మా."

వెనక వరసలోంచి ఒక పెద్దామె, నిష్కపటంగా, వినయంగానే అంది: "గదేంది సారూ? పొద్దుగాల దారిలో మాతోని పెరుగన్నం తింటిరి గదా?"

చక్రపాణి గ్లాసు బల్ల మీద పెట్టాడు. దాన్ని వేలికొసలతో తన నుంచి దూరంగా నెట్టాడు. మనిషి భయపడితే ఎలా ఉంటుందో ఆ ఊరికి కొత్తేమీ కాదు. అయినా ఆ భయం ఆ మొహంలో ఎప్పుడూ చూడలేదు. ముందు వరసలో ఏడ్చిన ఆమె తన డబ్బాకు మూత బిగించింది. పక్కనామె బిగించింది. తర్వాత షామియానా కింద మూతల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

నీరజ కుర్చీలోంచి లేచి షెడ్డు వైపు నడిచింది.

"నీరజా!" అన్నాడు అతను. మైకు ఇంకా ఆపలేదు, ఊరంతా వినిపించింది. "అనుమతి లేకుండా ఆ మందు తాకితే నీ ఉద్యోగం ఉండదు!"

ఆమె వెనక్కి తిరిగింది. "ఆ గ్లాసు తాగండి సార్. మీరు తాగితే ఇక్కడే ఆగిపోతాను."

అతను తాగలేదు.

మందు నల్లగా, చేదుగా ఉంది. ఈశ్వరి ముందు తాగింది. పిల్లకు నీరజే దూదితో నాలుక మీద అద్దింది. కాసేపటికి పిల్ల ఒళ్ళు వేడెక్కింది, పొట్ట ఉబ్బింది, కాళ్ళు బిగుసుకున్నాయి. ఏడుపు కీచుమంది, సన్నబడింది, ఆగిపోయింది. ఏడుపు కంటే ఆ ఆగిపోవడం చాలా పెద్దగా వినిపించింది. ఈశ్వరి తల గోడకేసి కొట్టుకుంటుంటే నీరజ పట్టుకుంది. సుంకమ్మ మళ్ళీ గడప అవతలికి వెళ్ళిపోయింది. మందు పడిన పిల్లకు ఆమె ఇప్పుడు మళ్ళీ విషం.

"ఊపిరి ఆడుతాందా?" అని అక్కడి నుంచే అడిగింది.

"ఆడుతాంది."

"వాసన చూడే. దగ్గరికి పోయి చూడు."

ఈశ్వరి వంగింది. వంగినది చాలాసేపు లేవలేదు. సుంకమ్మ గడప చెక్కను రెండు చేతులతో పట్టుకుంది.

"పాలు," అంది ఈశ్వరి చివరికి. "పాల వాసనే అమ్మా. ఉత్త పాల వాసన."

తల్లినీ బిడ్డనూ నీరజ తనతో పట్నం తీసుకుపోయింది. ఉద్యోగం పోయింది కాబట్టి తన ఇంటికే తీసుకుపోయింది. పుట్టింటిలోనూ అత్తింటిలోనూ ఆ పిల్లకు చోటు లేదు. రెండు చోట్లా మనుషుల ఊపిరి గడ్డి వాసనే. అద్దె జీపు కదిలేటప్పుడు సుంకమ్మ దూరం నుంచే చెయ్యి ఊపింది. ఇంకా మందు చేసి పంపిస్తానని నీరజ అంది. దేనితో చేస్తుందో, ఎక్కడ చేస్తుందో ఆమెకే తెలియదు. పథకం మీద కమిటీ వేశారు. కమిటీ తేల్చేదాకా ఊరి బియ్యం సంగతి ఎవరూ తేల్చరన్నారు.

వాన రాలేదు. చేని గట్ల మీద గరిక అయిపోయింది. ఊరి ఆడవాళ్ళందరూ కొడవళ్ళు పట్టుకుని కొండ ఎక్కడం మొదలుపెట్టారు. కింద ఎండింది, నడుమ ఎండింది, పైన రాళ్ళ నీడల్లో మాత్రం ఇంకా కాస్త పచ్చ మిగిలి ఉంది. దాన్ని చూడగానే సుంకమ్మ నోరు ఊరింది. తన నోరు అలా ఊరినప్పుడల్లా, లోపలున్న వేరే ఎవరిదో నోరు ఊరినట్టు ఆమెకు ఒళ్ళు జలదరించేది.

కొండ కొమ్ముకు చేరేసరికి అవతలి వైపు నుంచి కూడా మనుషులు ఎక్కుతూ కనిపించారు. ఒకరు కాదు, ఇద్దరు కాదు. వరసగా ఆడవాళ్ళు, ఏ ఊళ్ళవాళ్ళో. ఎవరూ వాళ్ళ మీద ప్రయోగం చేయలేదు, ఎవరూ వాళ్ళ ఊళ్ళో బోర్డు పాతలేదు. అందరి చేతుల్లోనూ కొడవళ్ళు ఉన్నాయి. రెండు వరసలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. నడుమ ఆ కాస్త పచ్చ. తిప్పక్క చెయ్యి కొడవలి పిడి మీద బిగుసుకుంది. అవతల కూడా బిగుసుకున్నాయి.

వాళ్ళలో ఒక పడుచు ముందుకు వచ్చింది. చంకలో పసిబిడ్డ. దవడ ఎముకలు కనిపిస్తున్నాయి.

"అక్కా," అంది. "మీ ఊర్లో ఏందో మందుండాదంట గదా. పసిపిల్లలకు. నిజమేనా?"

సుంకమ్మ నోరు తెరిచింది. ఉండింది అనాలో, ఇంక లేదు అనాలో, అది తన మనవరాలికే అయిపోయింది అనాలో ఆమెకు తెలియలేదు. కొడవలి కింద పెట్టింది. రెండు చేతులూ చాచింది.

"పాపను నాకియ్యి," అంది. "నువ్వు ముందు కోసుకో. లేతది ఏరుకో, పసరు పిండల్ల."

పడుచు బిడ్డను అందించింది. సుంకమ్మ పిల్లను గుండెకు హత్తుకుంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకోలేదు, గాలి ఎటు వీస్తోందో చూసుకోలేదు. ఆ పిల్ల ఊపిరీ తన ఊపిరీ ఒకే వాసన. నుదురు మీద ముద్దు పెట్టుకుంది. పిల్ల ఏడుపు ఆపి, మెల్లగా తల తిప్పి, తల్లి కోస్తున్న గడ్డి వైపు చూసింది.